ఒక్క గాంధారం కోసం మూడు ఎడిషన్లు

మొన్న ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్పలో అట్ట ఊడిపోయిన షోపాన్ అనే పియానో రచయిత ప్రెల్యూడ్ల (చిన్న పియానో ముక్కల) పుస్తకం దొరికింది. ఇంటికొచ్చి ఓపస్ (ప్రచురణ సంఖ్య) 28లో 20వది, సి మైనర్ ప్రెల్యూడ్, వాయిస్తుంటే మూడో బార్ (తాళం గడి) చివరి కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) దగ్గర చెయ్యి ఆగిపోయింది. నేను నేర్చుకున్న పుస్తకంలో అక్కడ E నేచురల్ (మామూలు E స్వరం), ఇందులో E ఫ్లాట్ (అర మెట్టు తగ్గించిన E). వంటింట్లోంచి పెద్దమ్మ వెంటనే పట్టేసింది: "ఇందాక అంతర గాంధారం వేశావు, ఇప్పుడు సాధారణ గాంధారం వేస్తున్నావు, ఏది సరైందే?"

సి ని షడ్జమం అనుకుంటే ఆవిడ అన్నది అక్షరాలా నిజం. నేర్చుకునే రోజుల్లో చెవికి తోచినట్టు నేను ఫ్లాటే వాయిస్తే, పుస్తకంలో లేదు కాబట్టి తప్పని టీచర్ పెన్సిల్‌తో సున్నా చుట్టారు, అప్పటినుంచి ఆ కార్డ్ వస్తోందంటేనే నాకు టెన్షన్. అందుకే ఈసారి ఊరుకోకుండా తొలి ఎడిషన్ల స్కాన్లు తెరిచి పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను.

షోపాన్ కాలంలో ఒక దేశపు కాపీరైట్ ఇంకో దేశంలో చెల్లేది కాదు. దొంగ అచ్చులు రాకుండా ఆయన ఒకే రచనను పారిస్, లైప్‌జిగ్, లండన్‌లలో దాదాపు ఒకేసారి వేయించేవాడు. ఈ ప్రెల్యూడ్లు 1839లో పారిస్‌లో కాతెలాన్, లైప్‌జిగ్‌లో బ్రైట్‌కోఫ్, లండన్‌లో వెస్సెల్ అనే ప్రచురణకర్తలు వేశారు. పారిస్ అచ్చుకు ఆధారం షోపాన్ సొంత రాతప్రతి, లైప్‌జిగ్ అచ్చుకు ఆయన స్నేహితుడు ఫోంతానా ఎత్తిరాసిన నకలు. అంకితం కూడా వేరు తెలుసా, ఫ్రెంచి ఎడిషన్ పియానోలు తయారుచేసే ప్లెయెల్‌కి, జర్మన్ ఎడిషన్ పియానిస్టు కెస్లర్‌కి!

మన మూడో బార్‌కి వస్తే, అదే బార్‌లో ముందు ఒక E పక్కన నేచురల్ గుర్తు ఉంది, మళ్లీ ఫ్లాట్ పెట్టకపోతే బార్ అయ్యేదాకా అదే చెల్లుతుంది, రాతప్రతిలో ఫ్లాట్ లేదు కాబట్టి అచ్చు ప్రకారం నేచురలే. కానీ ఆయన శిష్యురాలు జేన్ స్టర్లింగ్ పాఠాలకు వాడుకున్న కాపీలో అక్కడ పెన్సిల్‌తో ఫ్లాట్ చేర్చి ఉంది. అంటే మొదట రాసేటప్పుడు మరిచిపోయాడా, తర్వాత మనసు మార్చుకున్నాడా? నేచురల్ అయితే తర్వాతి బార్‌లో జి మేజర్‌కి దారి సాఫీగా ఉంటుంది, కొంచెం వెలుతురు వస్తుంది. ఫ్లాట్ అయితే ఆ దిగులు చివరిదాకా అలాగే నిలబడి, నాలుగో బార్ ఉలిక్కిపడేలా చేస్తుంది. మొత్తం 13 బార్ల ముక్కలో ఇది చిన్న తేడా కాదు.

ఒక్కోసారి నోట్ కూడా కాదు, గుర్తే చాలు. 1840 నాటి రెండో సొనాటా, ఓపస్ 35లో, లైప్‌జిగ్ ఎడిషన్ ఐదో బార్ దగ్గర రిపీట్ గుర్తు (ఇక్కడినుంచి మళ్లీ వాయించమని) వేసింది, పారిస్, లండన్ ఎడిషన్లలో అక్కడ అది లేదు. లేకపోతే మొదటి నాలుగు గ్రావే (నిదానంగా, గంభీరంగా వాయించే) బార్లతో సహా మళ్లీ మొదటినుంచి వాయించాలి. నాకైతే అలాగే నచ్చుతుంది, ఆ బరువు రెండోసారి వస్తేనే తర్వాతి పరుగుకి అర్థం ఉంది.

ఇదంతా పెద్దమ్మకి చెప్తే ఆవిడకి వింతే అనిపించలేదు. "పాఠాంతరం అంటారు దాన్ని" అంది. త్యాగరాజ కీర్తనలు వాలాజాపేట శిష్యులు ఒకలా, ఉమయాళ్పురం వాళ్లు ఒకలా పాడారు, ఎవర్నీ తప్పని కొట్టేయం కదా. త్యాగరాజస్వామి పోయింది 1847లో, షోపాన్ 1849లో, ఇద్దరూ ఒకే కాలం వాళ్లు. మనది నోటిమాటగా వచ్చింది కాబట్టి మారిందని, అచ్చులో పడితే ఒకటే ఉంటుందని ఇన్నాళ్లూ నమ్మాను. అచ్చే మూడు రకాలుగా ఉంది.

పియానో నేర్పేవాళ్లని ఒక్కటే అడుగుతున్నాను, పిల్లలు వేరే నోట్ వాయిస్తే సున్నా చుట్టేముందు వాళ్లది ఏ ఎడిషనో చూడండి. స్కాన్ దించుకునేవాళ్లు పేజీ అడుగున ప్లేట్ నంబర్ (అచ్చు పలకకు ప్రచురణకర్త ఇచ్చిన నంబర్) కూడా చూడండి, ఒకే ప్లేటు మీద దిద్దుబాట్లు చేసి తర్వాత మళ్లీ అచ్చేసినవి చాలా ఉంటాయి.

నేను ఇప్పుడు ఫ్లాటే వాయిస్తున్నాను. పాత పుస్తకంలో ఆ సున్నా చెరపలేదు, పక్కన "స్టర్లింగ్ కాపీ" అని రాసుకున్నాను.