నల్లర్‌బార్ మీదుగా అడిలైడ్‌కి

ఆస్ట్రేలియాలో పెర్త్ నుంచి అడిలైడ్ విమానంలో అయితే సుమారు మూడు గంటల పని. మేం మాత్రం ఆగస్టులో అమ్మని కూడా ఎక్కించుకుని, నల్లర్‌బార్ మైదానం మీదుగా దాదాపు 2,700 కిలోమీటర్లు కారులోనే వెళ్లాం. ఆగస్టు అక్కడ చలికాలం, అప్పుడు సదరన్ రైట్ తిమింగలాలు పిల్లల్ని కనడానికి ఈ దారిలోనే దక్షిణ తీరాన ఉన్న హెడ్ ఆఫ్ బైట్ దగ్గరికి వస్తాయి, అమ్మకి అవి చూపించాలని నాకు ఎప్పటినుంచో కోరిక.

ఈ దారిలో ముందుగా లెక్క చూసుకోవాల్సింది పగటి వెలుతురు. పొద్దు వాలితే కంగారూలు రోడ్డెక్కుతాయి, పైగా చాలా అద్దె కార్ల ఒప్పందాల్లో ఊరి బయట రాత్రి నడపకూడదని రాసి ఉంటుంది. అందుకే సాయంత్రం ఎక్కడ ఆగాలో ముందు తేల్చుకుని, ఉదయం ఎన్నింటికి బయల్దేరాలో దాన్నిబట్టి పెట్టుకున్నాం. తూర్పుకి పోతున్నాం కదా, పెర్త్ టైమ్ ప్రకారం చూస్తే చీకటీ తొందరగానే పడుతుంది. దారిలో వచ్చే యూక్లా అనే చిన్న ఊరి చుట్టుపక్కలైతే టైమ్ పెర్త్ కంటే 45 నిమిషాలు ముందుంటుంది.

ఆ తర్వాత పెట్రోలు. నార్స్‌మన్ దాటితే బలడోనియా దాకా, అంటే దాదాపు 190 కిలోమీటర్లు, బంకు లేదు కాబట్టి ట్యాంకు సగానికి రాకముందే నింపుకోవడం మంచిది. చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి. బలడోనియా దాటాక కైగూనా వైపు 146.6 కిలోమీటర్ల రోడ్డు ఒక్క మలుపు లేకుండా సాగుతుంది. నాకైతే విసుగనిపించలేదు, ఎదురొచ్చే ప్రతి డ్రైవరూ స్టీరింగ్ మీంచి వేలెత్తి పలకరిస్తుంటే ఎంత ధైర్యంగా ఉంటుందో! రోడ్డు మీదే కొన్నిచోట్ల తెల్లగీతలు కనిపిస్తాయి, మారుమూల చోట్లకి విమానంలో వచ్చి వైద్యం చేసే ఫ్లయింగ్ డాక్టర్ల విమానం అత్యవసరంగా దిగడానికి. షుగర్ మందులు వాడే అమ్మని వెంటబెట్టుకున్న నాకు అవి చూశాక సగం టెన్షన్ తగ్గింది.

తిండి విషయం మనవాళ్లు ముందే తెలుసుకోవాలి. హెడ్ ఆఫ్ బైట్ దాటాక వచ్చే సెడూనా ఊళ్లో క్వారంటైన్ తనిఖీ ఉంటుంది, పచ్చి కూరగాయలూ పళ్లూ దాటనివ్వరు. అమ్మ ఆ ముందురోజే మిగిలిన బీన్స్, క్యారెట్ అన్నీ వేపుడు చేసేసింది.

హెడ్ ఆఫ్ బైట్‌లో గట్టు మీది చెక్క దారి నుంచే తల్లీపిల్లలు పక్కపక్కన తేలుతూ కనిపించాయి. అమ్మ అక్కణ్ణుంచి కదలనంటే ఆ రాత్రి దగ్గర్లోని నల్లర్‌బార్ రోడ్‌హౌస్‌లో ఉండిపోయి, పొద్దున్నే మళ్లీ వెళ్లాం. మీరు వెళ్తే జూన్, సెప్టెంబరు మధ్య వెళ్లండి, అడిలైడ్‌లో ఒకరోజు తగ్గించుకునైనా ఇక్కడ రెండు పూటలు ఉంచుకోండి.