ముందు కోయనివ్వకండి

ఎడమ మోకాలికి కాస్త కింద, బయటి వైపు నాకు నొప్పి మొదలైంది 2021 ఆగస్టులో. అప్పుడు నాకు 21 ఏళ్లు, హైదరాబాద్‌లో బీటెక్ ఫైనల్ ఇయర్ చదువుతున్నాను. హాస్టల్ వెనక రోజూ సాయంత్రం వాలీబాల్ ఆడేవాళ్లం. ఎక్కడో పట్టేసి ఉంటుందనుకున్నాను.

పగలు పెద్దగా తెలిసేది కాదు. రాత్రి పడుకున్నాకే లోపల ఎముకను ఎవరో పట్టి పిండుతున్నట్టు ఉండేది. రెండింటికీ మూడింటికీ లేచి కూర్చునేవాణ్ణి. ఆట మానేశాను, తగ్గలేదు. కాలు బెణికితే రెస్ట్ ఇస్తే తగ్గాలి కదా. ఈ ఒక్క ప్రశ్న ఆ ఏడు నెలల్లో నేనూ వేసుకోలేదు, చూసిన డాక్టర్లూ వేసుకోలేదు. వయసులో ఉన్నవాడు, ఆటలాడేవాడు, లిగమెంట్ అయ్యుంటుంది అన్నారు. క్రేప్ బ్యాండేజీ, పూత మందు, నొప్పి గోళీలు. సంక్రాంతికి ఇంటికి పోతే నాయిన ఊళ్లో కట్లు కట్టే ఆయన దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన గట్టిగా మర్దన చేసి, కోడిగుడ్డు సొన పెట్టి కట్టు కట్టాడు. ఆ రాత్రి నేను ఏడ్చిన ఏడుపుకి అమ్మ తెల్లార్లూ నా కాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఫిబ్రవరికి అక్కడ వాపు కనబడింది. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడేది. ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఎక్స్‌రే తీసి, ఎముకలో చీము పట్టింది, ఎల్లుండి కోసి శుభ్రం చేస్తాం అన్నారు. దానికి ముందు ఎమ్మారై తీయించుకు రమ్మన్నారు. నల్గొండలో స్కాన్ సెంటర్‌కి పోయాం.

మామూలుగా స్కాన్ సెంటర్‌లో రిపోర్టు చేతికిచ్చి పంపించేస్తారు. ఆ రోజు రిపోర్టు రాసే డాక్టరే బయటికొచ్చి నాయినను లోపలికి పిలిచాడు. ఎక్స్‌రేలో ఎముక మీద ఉల్లిపాయ పొరల్లా కనిపిస్తున్న గీతల్ని చూపించాడు. ‘‘ఇది చీము కాకపోవచ్చు పెద్దాయనా. ముందు ఎవర్నీ కోయనివ్వకండి. నేరుగా క్యాన్సర్ ఆస్పత్రికి తీసుకుపోండి’’ అన్నాడు. నాయినకు రెండో మాట ఒక్కటే చెవిన పడింది. బస్సులో దారి పొడుగునా ‘‘కోయనియ్యొద్దన్నడు, కోయనియ్యొద్దన్నడు’’ అని తనలో తనే అనుకుంటూ కూర్చున్నాడు.

ఆ మాట విలువ నాకు ఎలా తెలిసిందో తర్వాత చెప్తాను.

హైదరాబాద్‌లో క్యాన్సర్ ఆస్పత్రిలో సూదితో బయాప్సీ చేశారు, అంటే పరీక్షకి గడ్డలోంచి చిన్న ముక్క తీశారు. ఆ సూది గుచ్చడానికి ముందే, ఆపరేషన్ చేయబోయే సర్జన్ వచ్చి, తర్వాత కోత ఎక్కడ పెడతాడో నా కాలి మీద మార్కర్‌తో గీత గీసి, ఆ గీత మీదే గుచ్చమన్నాడు. సూది పోయిన దారిలో కూడా క్యాన్సర్ కణాలు మిగిలి ఉండొచ్చట. అందుకే ఆ దారిని కూడా ఆపరేషన్‌లో గడ్డతో పాటు తీసేస్తారు. తెలియక ఎక్కడ పడితే అక్కడ కోస్తే ఆ కణాలు చుట్టూ కండలోకి చేరతాయి. అప్పుడు తీసేయాల్సిన భాగం పెరిగిపోతుంది.

రిపోర్టులో ముందు ‘రౌండ్ సెల్ ట్యూమర్’, అంటే గుండ్రటి కణాల గడ్డ అని వచ్చింది. జన్యు పరీక్ష కూడా వచ్చాక పేరు తేలింది, ఈవింగ్ సార్కోమా అనే ఎముక క్యాన్సర్. 1921లో జేమ్స్ ఈవింగ్ అనే అమెరికన్ పాథాలజిస్టు దీన్ని వివరించాడు. ఎక్కువగా పదేళ్ల నుంచి ఇరవై ఏళ్ల లోపు పిల్లలకు వస్తుంది, అదీ చాలా అరుదు. ఇంట్లో ఆ పేరు ఎవరికీ నోరు తిరగక ‘ఎముక జబ్బు’ అనేవాళ్లు. నాయనమ్మకి అదీ చెప్పలేదు, కాలు విరిగిందన్నారు.

అమ్మ డాక్టర్ని ఒకటే అడిగింది. ‘‘వీడు కడుపుల ఉన్నప్పుడు నేను పత్తికి మందు కొట్టిన సారూ. దానివల్లనేనా?’’ ఇన్ని రోజులూ ఆమె ఆ లెక్క వేసుకుంటోందని నాకు తెలీదు. డాక్టర్ కాగితం మీద రెండు గీతలు గీశాడు. ఒకటి 11వ క్రోమోజోమ్, ఒకటి 22వది. ఎక్కడో ఒక కణంలో ఈ రెండింటి ముక్కలు తెగి, ఒకదానివి ఒకదానికి అతుక్కున్నాయి. తల్లిదండ్రుల నుంచి వచ్చేది కాదు. ‘‘మీ వల్ల రాలేదమ్మా’’ అని రెండుసార్లు చెప్పాడు. ఆమె ఆ కాగితం అడిగి తీసుకుని కొంగున కట్టుకుంది.

కీమో మొదలుపెట్టే ముందు ఒక జూనియర్ డాక్టర్, నాయిన పక్కనుండగానే, వీర్యం దాచుకుంటావా అని అడిగాడు. ఈ మందులతో పిల్లలు పుట్టే అవకాశం పోవచ్చు, మొదలుపెట్టాక చేయడం కుదరదు, రేపట్లోగా చెప్పాలి అన్నాడు. సిగ్గుతో తల దించుకుని వద్దన్నాను. నాయిన ఏమీ మాట్లాడలేదు. పొద్దున్నే నన్ను ఆటో ఎక్కించి, అడ్రస్ రాసుకున్న చీటీ డ్రైవర్‌కి చూపించి, ఆ సెంటర్ ముందు దించి, డబ్బు నా చేతిలో పెట్టి బయట చెట్టు కింద నిలబడ్డాడు. ఆ విషయం మేం ఇప్పటికీ మాట్లాడుకోలేదు. ఏటా కట్టే ఫీజు రసీదు మాత్రం పట్టాదారు పాస్ పుస్తకంలో పెడతాడు. కీమోకి పోయే ప్రతి కుర్రాడినీ, ప్రతి అమ్మాయినీ డాక్టర్లు ఈ సంగతి అడగాలి. తలుపు వేసి, ఒంటరిగా కూర్చోబెట్టి అడగాలి.

మొత్తం 14 సైకిళ్లు, అంటే 14 విడతలు కీమో. ఒకసారి మూడు మందులు, ఆ తర్వాతిసారి వేరే రెండు మందులు ఐదు రోజుల పాటు. డోక్సోరుబిసిన్‌ని వార్డులో అందరూ ఎర్ర మందు అనేవారు, అది ఎక్కిన రోజు మూత్రం కూడా ఎర్రగా వచ్చేది. విన్‌క్రిస్టిన్‌తో వేళ్ల చివర్లు మొద్దుబారి చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయేవాణ్ణి. నోరంతా పుండ్లు. అమ్మ అన్నం మెత్తగా పిసికి, మజ్జిగ పోసి గ్లాసులో ఇచ్చేది. జ్వరం 100.4 దాటితే ఏ రాత్రైనా ఆస్పత్రికి వచ్చేయాలని రూలు. తెల్ల కణాలు పడిపోయినప్పుడు మామూలు జ్వరం కూడా ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే ఊరికి పోకుండా ఆస్పత్రి దగ్గరే గది అద్దెకు తీసుకున్నాం. మందులు, ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో అయ్యాయి. గది అద్దెకి, పెట్ స్కాన్‌కి అమ్మ పుస్తెలతాడు బ్యాంకుకి పోయింది. మధ్యాహ్నం వాళ్లిద్దరూ ఐదు రూపాయల అన్నపూర్ణ భోజనం తిని, తిన్నామని నాకు చెప్పేవాళ్లు.

వార్డులో నా పక్కన ఎక్కువమంది నోటి క్యాన్సర్, గొంతు క్యాన్సర్ వచ్చిన పెద్దవాళ్లు. చిన్నపిల్లల వార్డు గోడల మీద బొమ్మలుండేవి. నా ఈడువాళ్లం ఇద్దరమే. అతనిది ఆదిలాబాద్ వైపు, 19 ఏళ్లు, ఆస్టియోసార్కోమా అనే ఇంకో రకం ఎముక క్యాన్సర్. మోకాలి దగ్గర వాపొస్తే ఒక చిన్న ఆస్పత్రిలో చీముగడ్డ అనుకుని కోశారు. చీము రాలేదు, కుట్లేసి పంపించారు. రెండు నెలల తర్వాత ఇక్కడికి వచ్చేసరికి తొడ దాకా పాకింది. కాలు తీసేయక తప్పలేదు. ‘‘మీ వాళ్లు ముందు కోయించలేదా అన్నా?’’ అని అతను అడిగినప్పుడు నాకు నల్గొండ డాక్టర్ ముఖం కళ్ల ముందు నిలబడింది. లేదు అని చెప్పడానికి నోరు రాలేదు.

నా ఆపరేషన్ ఆరు సైకిళ్ల తర్వాత, జులై చివర్లో. గడ్డ ఉన్నది ఫిబ్యులాలో, అంటే కాలి పిక్కలో బయటి వైపుండే సన్న ఎముక. ఒంటి బరువు మోసేది ముఖ్యంగా పక్కనున్న పెద్ద ఎముక కాబట్టి పైభాగం తీసేసినా నడవొచ్చు. కానీ పాదాన్ని పైకెత్తే నరం సరిగ్గా ఆ ఎముక మెడ చుట్టూ తిరిగి పోతుంది. ‘‘నరాన్ని వదిలేస్తే జబ్బును కూడా వదిలేసినట్టే’’ అన్నాడు సర్జన్. తీసేయండి అన్నాను. ఆ సంతకం నేనే పెట్టాను.

మెలకువ వచ్చాక దుప్పటి కింద బొటనవేలు కదిలించి చూశాను. కిందికి వంగింది, పైకి లేవలేదు. చాలాసేపు అలాగే ప్రయత్నించాను.

తీసిన ముక్కను పరీక్ష చేస్తే అందులో 95 శాతం పైగా కణాలు కీమోకి చచ్చిపోయి ఉన్నాయి. అంచుల్లో జబ్బు లేదు. మిగతా ఎనిమిది సైకిళ్లు మధ్యమధ్య జ్వరాలతో సాగి 2023 ఫిబ్రవరిలో ముగిశాయి. ఒక ఏడాది ఆలస్యంగా బీటెక్ పాసయ్యాను, ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నాను. సంబంధాలు చూసేటప్పుడు ఈ సంగతి ఎత్తొద్దని మేనత్త అంది. నేను చెప్పే చేసుకుంటాను.

బూటులో ప్లాస్టిక్ స్ప్లింట్ వేసుకుంటే నడక దాదాపు మామూలుగానే ఉంటుంది. స్ప్లింట్ లేకుండా చెప్పులేసుకుంటే ఎడమ చెప్పు ఎక్కడ జారిపోయిందో కాలికి తెలియదు. పొలం గట్టు మీద నాయిన నా వెనకే నడుస్తాడు, చెప్పు జారితే తీసి ఇవ్వడానికి. మొదటి రెండేళ్లు మూడు నెలలకోసారి స్కాన్ ఉండేది, ఇప్పుడు ఆరు నెలలకోసారి. ముందు రాత్రి మా ఇంట్లో ఎవరం నిద్రపోం.

పోయినసారి స్కాన్ బాగుందని తెలిశాక నల్గొండ పోయాను. ఆ డాక్టర్ ఇంకా అక్కడే పనిచేస్తున్నాడు. నన్ను గుర్తుపట్టలేదు. రోజుకి ఎంతమందిని చూస్తాడో. పాత ఫిల్ము ఇస్తే వెనక లైటు పెట్టి చాలాసేపు చూశాడు. నేను ప్యాంటు మడిచి మచ్చ చూపించాను. ఆయన కుర్చీలోంచి లేచి, కింద కూర్చుని, మోకాలి నుంచి మడమ వైపు ఆ మచ్చ వెంబడి వేలు పోనిచ్చాడు. ‘‘ఎవర్నీ కోయనివ్వలేదు కదా?’’ అని అడిగాడు.

‘‘లేదు సార్, మా నాయిన కోయనియ్యలేదు’’ అన్నాను.