జిలీబ్‌లో శుక్రవారం కూడిక

కువైట్ సిటీలోని నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణను ఒక్కసారి చూసినవాళ్లెవరూ ఈ దేశంలో క్రైస్తవులకు చోటు లేదనరు. అమెరికా మిషనరీలు 1931లో కట్టిన గుడి అది. ఆ ఆవరణలోనే ఇప్పుడు ఎన్నో సంఘాలు గంటల లెక్కన హాళ్లు పంచుకుని అరబ్బీలో, మలయాళంలో, తమిళంలో, తెలుగులో ఆరాధన చేసుకుంటాయి. ఆదివారం ఇక్కడ పనిదినం కాబట్టి రద్దీ అంతా శుక్రవారమే.

అయినా మా ప్రార్థన కూడిక మాత్రం, వలస కార్మికులు ఎక్కువగా ఉండే జిలీబ్ పేటలో మా ఇంట్లోనే. దానికి కారణం శుక్రవారం మధ్యాహ్న భోజనం. ఆ రోజు కువైటీల ఇళ్లకు కొడుకులు, కోడళ్లు, మనవలు అందరూ వస్తారు. పెద్ద పళ్లేలు, పెద్ద గిన్నెలు. ఇంటి పనివాళ్లకు వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలని 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం చెబుతోంది. ఖాదిం వీసా, అంటే ఇంటి పని వీసా, మీద ఉన్న మన ఆడవాళ్లలో చాలామందికి ఆ రోజంతా దొరకదు. గిన్నెలు తోమి, వంటగది కడిగి, మామా (ఇంటి యజమానురాలు) అనుమతిస్తే బయటపడేసరికి సిటీలో తెలుగువాళ్ల హాలు సమయం ముగిసిపోతుంది. సాయంత్రం రెండు గంటలు మిగులుతాయి. ఆ కాస్త సమయానికి అందుబాటులో ఉండేది ఎవరో ఒకరి ఇల్లే. బ్యాచిలర్ గదులకు ఆడవాళ్లు రాలేరు. నా భార్య నర్సు కావడంతో మాకు విడిగా ఫ్లాటు ఉంది. అలా కూడిక మా ఇంటికి వచ్చింది.

పొరుగువాళ్లకు ఇబ్బంది కలిగించనంత వరకు ఇళ్లలో ప్రార్థనలకు ఇక్కడ పెద్దగా అభ్యంతరం చెప్పరు. ఆ ఇబ్బంది రాకుండా చూసుకోవడమే మా పని. చెప్పులు గుమ్మం బయట వదలం, లోపల సంచిలో వేస్తాం. డోలక్ లేదు. చప్పట్లు మెల్లగా. మెట్ల మీద గుంపుగా నిలబడితే హారిస్‌కు (బిల్డింగు వాచ్‌మన్‌కు) ఫిర్యాదు వెళుతుంది కాబట్టి ఇద్దరిద్దరుగా వెళ్లిపోతారు.

పాస్టరు లేడు. పాలకొల్లు దగ్గరి ఊరినుంచి వచ్చిన అక్క ఒకావిడ నడిపిస్తుంది. ఏడో తరగతితో చదువు ఆపేసింది, ఒక కువైటీ ఇంట్లో వంట చేస్తుంది. వాక్యం మాత్రం నోటికి వచ్చు. వచ్చేవాళ్లలో గుంటూరు లూథరన్లు, ఒంగోలు బాప్టిస్టులు, కడప సీఎస్‌ఐ (దక్షిణ భారత సంఘం) వాళ్లు, నరసాపురం బ్రదరెన్ వాళ్లు, అప్పుడప్పుడు ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) వాళ్లూ ఉంటారు. సిద్ధాంతాల తేడా గురించి గట్టిగా వాదిస్తారు గానీ, మన తాతముత్తాతల్లో ఎక్కువమంది సిద్ధాంతం చూసి ఎంచుకోలేదని నా అభిప్రాయం. 1842లో హేయర్ దొర అనే మిషనరీ గుంటూరు వచ్చాడు కాబట్టి అక్కడివాళ్లు లూథరన్లయ్యారు. ఒంగోలుకు క్లౌ దొర వచ్చాడు కాబట్టి అక్కడివాళ్లు బాప్టిస్టులయ్యారు. ఏ మిషను ఏ జిల్లాకు వస్తే ఆ గుడి.

బాప్తిస్మం ముంచాలా, చిలకరిస్తే చాలా అన్న గొడవలో ఒక కుటుంబం రావడం మానేసింది. సంస్కారపు బల్ల, అంటే ప్రభు రాత్రి భోజనం, దగ్గరా చిక్కే. అయ్యగారు (పాస్టరు) లేకుండా రొట్టె విరవడం బ్రదరెన్ వాళ్లకు మామూలే, లూథరన్లకు, సీఎస్‌ఐ వాళ్లకు ఒప్పదు. అందుకే మా ఇంట్లో బల్ల లేదు. వీలు దొరికినవాళ్లు పండుగకు సిటీ గుడికి వెళ్లి తీసుకుంటారు.

ఇక ఆ గదిలో చదివితే తప్ప అంత బరువు తెలియని ఉత్తరం ఒకటుంది. బైబిల్లో అపొస్తలుడు పౌలు, ఫిలేమోను అనే విశ్వాసికి రాసినది. ఒకటే అధ్యాయం. అది చేరింది కూడా ఫిలేమోను ఇంట్లో కూడుకునే సంఘానికే. యజమానిని విడిచిపోయిన ఒనేసిము అనే దాసుణ్ణి, ఇకమీదట సోదరుడిగా చేర్చుకొమ్మని చెబుతూ, పౌలు తిరిగి ఆ యజమాని దగ్గరికే పంపుతాడు. ఊళ్లో ఈ భాగం మీద క్షమాపణ గురించిన ప్రసంగాలే విన్నాను. ఇక్కడ చదివిన రోజు రాయచోటి వైపు అమ్మాయి ఒకతె లేచి, “పౌలుగారు అతన్ని వెనక్కి ఎందుకు పంపారక్కా?” అని అడిగింది. పారిపోయినట్టు కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) కేసు పెడితే అకామా (నివాస అనుమతి) పోతుందని, 2018లో లాగా క్షమాభిక్ష ప్రకటిస్తే తప్ప దారి దొరకడం కష్టమని అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. అక్క వెంటనే జవాబు చెప్పలేదు. “ఉత్తరం తీసుకుని వెళ్లాడు కదమ్మా, ఉత్తి చేతులతో వెళ్లలేదు” అంది చివరికి. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. “ఆ ఉత్తరం వాళ్లు చింపేస్తే?” అంది. చర్చ ముగియకుండానే టైమైపోయింది. ఏ గుడిలోనూ, ప్రసంగం మధ్యలో ఒక పనిమనిషి లేచి అలా అడగడం నేను చూడలేదు.

కులం గురించి కూడా చెప్పాలి. మా ఊళ్లో మాలపల్లె గుడి వేరు, మాదిగపల్లె గుడి వేరు. ఇక్కడ అందరికీ ఒకటే చాప. అంతమాత్రాన కులం పోయిందనుకోకండి. పెళ్లి సంబంధం మాట వస్తే మొదటి ప్రశ్న ఏ పేట అనే.

అక్క కిందటేడు వీసా రద్దు చేసుకుని ఇంటికి వెళ్లిపోయింది. సొంత గుడిలో ఆడవాళ్లు వాక్యం చెప్పే అలవాటు లేదు. గురువారం సాయంత్రాలు తన వరండాలో కూడిక మొదలుపెట్టింది. అయ్యగారికి నచ్చలేదట. మొన్న ఫోనులో మాట్లాడితే, అవతలి పేట నుంచి కూడా ఇద్దరు ముగ్గురు వస్తున్నారని, చాపలు చాలడం లేదని చెప్పింది.