మా నీళ్లకు సరిపడిన ఫిల్మ్, మా ఎండకు సరిపడిన మందు

హైదరాబాద్‌లో మేముండే అద్దె ఇంటి స్నానాలగదిలో నలుపు తెలుపు రీళ్లు కడగడం మొదలుపెట్టిన మొదటి ఏడాది, నేను నాలుగు రకాల ఫిల్ములు, మూడు రకాల డెవలపర్లు, అంటే ఫిల్మ్ మీది బొమ్మను బయటికి తెచ్చే మందులు, కొన్నాను. ఎవరు ఏ ఫిల్మ్, మందు జంట బాగుంటుందన్నా తెచ్చి వాడేశాను. ఒకే జంటను వరసగా రెండుసార్లు కడిగిన సందర్భం ఆ ఏడాదిలో ఒక్కటీ లేదు కాబట్టి, ఫలితం బాగున్నప్పుడు ఎందుకు బాగుందో, చెడినప్పుడు ఎందుకు చెడిందో నాకు అర్థమయ్యేది కాదు.

నేను తీయదలచుకున్నది నిజానికి ఒక్కటే. రాజమండ్రిలో అమ్మమ్మ మధ్యాహ్నం పూట తెల్లచీరలో వరండా అంచున కూర్చుంటుంది. చీర మీద ఎండ పడుతుంటుంది, ముఖం సగం నీడలో ఉంటుంది, వెనక గది దాదాపు చీకటి. చీరలోని నేతా కనిపించాలి, ముఖం మీది ముడతలూ కనిపించాలి, వెనక గదిలోని ధాన్యపు బస్తాలూ లీలగానైనా తెలియాలి. ఫిల్మ్‌ను, మందును ఎంచుకోవడానికి ఇంతకంటే కఠినమైన పరీక్ష అక్కర్లేదని ఇప్పుడు అనుకుంటున్నాను గానీ అప్పుడు అనుకోలేదు.

మొదట హెచ్‌పీ5 ప్లస్ ఫిల్మ్‌ను రోడినల్ అనే డెవలపర్‌లో కడిగాను. 1891లో పేటెంట్ పొందిన ఆ మందు ఇప్పటికీ దొరుకుతుండటం, గాఢద్రావణం సీసాలో ఏళ్ల తరబడి చెడకుండా ఉండటం నన్ను ఆకర్షించాయి. ఒక పాలు మందుకు యాభై పాళ్లు నీళ్లు కలిపి, 20 డిగ్రీల దగ్గర 11 నిమిషాలు కడగాలి. అది మే నెల. థర్మామీటరు పెడితే గదిలో ఉంచిన నీళ్లే 31 డిగ్రీలు చూపించాయి. సమయాన్ని అంచనాగా తగ్గించి కడిగేశాను. అమ్మమ్మ చెంప మీద బొంబాయిరవ్వ చల్లినట్టు గ్రెయిన్, అంటే బొమ్మలోని వెండి రేణువుల గరుకు, వచ్చింది. వెలుతురు పడినచోటల్లా నల్లబడే నెగటివ్‌లో చీర నల్లటి ముద్దగా మిగిలింది. రోడినల్‌లో గ్రెయిన్‌ను కరిగించి మెత్తబరిచేంత సల్ఫైట్ అనే లవణం ఉండదు. అందువల్ల అంచులు పదునుగా వస్తాయి, గ్రెయిన్ కూడా అంతే పదునుగా వస్తుంది. హెచ్‌పీ5 లాంటి 400 వేగం (వెలుతురును పట్టే శక్తి) గల ఫిల్మ్‌లో ఆ గుణాన్ని ఇష్టపడేవాళ్లు చాలామంది ఉన్నారు. అమ్మమ్మ ముఖం మీద మాత్రం ఏది ముడతో ఏది రవ్వో నాకు తేడా తెలియలేదు.

తరువాతి రీలుకు బుద్ధి తెచ్చుకుని, డెవలపర్‌ను ఐసుతో సరిగ్గా 20 డిగ్రీలకు దించాను. బొమ్మను స్థిరపరిచే హైపో దాకా అంతా సక్రమంగానే జరిగింది. చివరి కడుగుడుకు మాత్రం ఏ ఆలోచనా లేకుండా కొళాయి కింద పెట్టాను. మేడమీది ట్యాంకులో మధ్యాహ్నం మూడింటి దాకా కాగిన నీళ్లు చెయ్యి పెడితే చురుక్కుమనేలా ఉన్నాయి. రీలు ఆరాక భూతద్దంతో చూస్తే, చల్లటి నీళ్ల నుంచి ఒక్కసారిగా వేడినీళ్లలోకి పోయిన జెలటిన్ పొర ఎండిన చెరువులో మట్టి బీటలువారినట్టు సన్నగా ముడతలుపడి ఉంది.

ఆ నెగటివ్‌లు పట్టుకుని మామయ్య దగ్గరకు వెళ్లాను. ఆయన ఒకప్పుడు స్టూడియోలో పనిచేశాడు. ఊటీలో తయారైన ఇందు ఫిల్ములతో, తానే తూచి కలుపుకున్న మందుతో పెళ్లిళ్లు తీసినవాడు. నెగటివ్‌ను కిటికీకి ఎత్తిపట్టి చూసి, "మందులో తప్పేం లేదమ్మా. ముందు నీ నీళ్ల సంగతి చూసుకో. ఆ తరవాతే ఫిల్మ్ సంగతి" అన్నాడు. ఆ సాయంత్రమే కూర్చోబెట్టి డి-76 అనే డెవలపర్ కలపడం చూపించాడు. లీటరుకు మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, బొరాక్స్ 2 గ్రాములు. సల్ఫైట్ ఎక్కువగా ఉన్న నీళ్లలో మెటాల్ సరిగా కరగదు కాబట్టి ముందు మెటాలే వెయ్యాలి. అయితే అది గాలికి రంగు మారకుండా, దానికంటే ముందు చిటికెడు సల్ఫైట్ వెయ్యాలి. ఆ చిటికెడును ఆయన తూచలేదు, కూరలో ఉప్పు వేసినట్టు వేళ్లతోనే వేశాడు. మెటాల్ కొందరి చర్మానికి పడదని నాకు మాత్రం చేతులకు తొడుగులు వేయించాడు.

మామయ్య మాటలో అసలు విషయం హైదరాబాద్ తిరిగి వచ్చాక అర్థమైంది. వేసవిలో మా ఇంట్లో అయిదారు పాత్రల నీళ్లను 20 డిగ్రీల దగ్గర పట్టి ఉంచడం నాకు సాధ్యం కాదు. టబ్బులో ఐసు వేసి, అన్నింటినీ అందులో నిలబెడితే 24 డిగ్రీల దగ్గర అరగంట నిలపగలను. కాబట్టి అన్ని నీళ్లకూ, చివరి కడుగుడుతో సహా, 24 డిగ్రీలే నియమం చేసుకున్నాను. ఇక జంటను దానికి తగ్గట్టు ఎంచుకోవాలి. హెచ్‌పీ5 ప్లస్‌ను పలచన చెయ్యని డి-76లో కడిగితే 20 డిగ్రీల దగ్గరే ఏడున్నర నిమిషాలు. 24కు వచ్చేసరికి అది అయిదు నిమిషాల చిల్లరకు పడిపోతుంది, చీర ముద్దకాకుండా కాంట్రాస్ట్ (వెలుగునీడల తేడా) తగ్గించాలనుకుంటే సమయం ఇంకా తగ్గుతుంది. అయిదు నిమిషాలలోపు అయితే మందు పోయడంలో, కదపడంలో జరిగే చిన్న తేడా కూడా ఆకాశంలో మరకలా కనబడుతుంది. అదే మందుకు సమానంగా నీళ్లు కలిపితే 20 డిగ్రీల దగ్గర 11 నిమిషాలు, 24 దగ్గర దాదాపు ఏడు ముప్పావు. తగ్గించుకోవడానికి చోటుంది. పైగా సల్ఫైట్ కూడా సగమవుతుంది కనుక అంచులు కొంచెం పదునెక్కుతాయి.

సమయం ఎంత తగ్గించాలన్నది తేల్చుకోవడానికి ఒక రీలు మొత్తం అమ్మమ్మనే తీశాను. "ఇన్నిసార్లు ఎందుకే, నేనేమన్నా పారిపోతానా" అని ఆవిడ విసుక్కుంది. నీడల కోసం ఫిల్మ్‌ను 400కు బదులు 250గా లెక్కగట్టి వెలుతురు ఎక్కువ ఇచ్చాను. తరువాత చీకటి సంచిలో రీలును మూడు ముక్కలుగా కత్తిరించి ఏడు ముప్పావు, ఏడు, ఆరున్నర నిమిషాల చొప్పున విడివిడిగా కడిగాను. మందుకూ ఆఖరి కడుగుడుకూ క్యాను నీళ్లే వాడాను. మా బోరు నీళ్లు ఆరితే తెల్లటి చారలు మిగులుతాయి. ఆరిన ముక్కలను దినపత్రిక మీద పరిచి, చీర భాగం గుండా అక్షరాలు కనిపిస్తాయేమో చూశాను. మొదటి ముక్కలో కనిపించలేదు. రెండోదానిలో అక్షరం ఉన్నదని తెలుస్తోంది గానీ చదవలేకపోయాను. ఆరున్నర నిమిషాల ముక్కలో కష్టం మీద చదవగలిగాను, అదే నెగటివ్‌లో వెనక గదిలోని బస్తాల అంచులూ ఉన్నాయి. ఆ ముక్కతో వేసిన ప్రింటులో చీరకు నేత ఉంది.

అప్పటి నుంచి ఫిబ్రవరి మొదలు అక్టోబరు దాకా ఈ ఒక్క జంటే వాడుతున్నాను. లీటరు మందుతో ఆరు రీళ్లు కడుగుతాను, పలచన చేసినదాన్ని ఒక్కసారి వాడి పారబోస్తాను. మిగిలిన ఫిల్ములు తమ్ముడికి ఇచ్చేశాను. రోడినల్ సీసాను మాత్రం ఇవ్వలేదు. డిసెంబరులో మా కొళాయి నీళ్లు ఏ ఐసూ లేకుండానే 20 డిగ్రీలకు దగ్గరగా వస్తాయి. అప్పుడు 125 వేగం గల ఎఫ్‌పీ4 ప్లస్‌ను ఒకటికి యాభై పాళ్ల రోడినల్‌లో 15 నిమిషాలు కడుగుతాను. ఆ ఫిల్మ్‌లో గ్రెయిన్ ముందే సన్నం కనుక రవ్వ బాధ లేదు. పొద్దున్నే గోదావరి గట్టున తీసిన పడవల తాళ్లు పురి పురికీ విడివిడిగా కనిపిస్తాయి. అమ్మమ్మను మాత్రం ఆ జంటతో తీయను.