మూడు వెండి సింహాలు, ఒక గుమాస్తా

మాల్మోలో మా తమ్ముడి దగ్గర ఉన్నప్పుడు ఒక శనివారం ఇద్దరం రైల్లో కోపెన్‌హాగెన్ బయల్దేరాం. వంతెన మీద సముద్రం దాటుతుంటే వాడన్నాడు, "అక్కా, మేముండే ఊరూ ఒకప్పుడు డెన్మార్క్‌దే. 1658లో యుద్ధంలో ఓడి స్వీడన్‌కి వదులుకున్నారు."

నిరంకుశ రాజు అంటే నాకు ఫ్రాన్స్‌ని ఏలిన పద్నాలుగో లూయీ, ఆయన వెర్సై రాజభవనం తప్ప ఇంకేం గుర్తొచ్చేవి కావు. కోపెన్‌హాగెన్‌లో డెన్మార్క్ రాజుల రోజెన్‌బోర్గ్ కోటలో ఆ లెక్క తప్పింది. పై అంతస్తు హాల్లో సింహాసనం, దాని ముందు కాపలాకి మూడు వెండి సింహాలు. సింహాసనానికి వాడినవి యూనికార్న్ కొమ్ములని అప్పట్లో గొప్పగా చెప్పుకునేవారు. నిజానికవి నార్వాల్ అనే తిమింగలం దంతాలు!

కింద ఖజానాలో రెండు కిరీటాల దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. నాలుగో క్రిస్టియన్‌ది పైన తెరిచి ఉంటుంది. అప్పుడు రాజును ఎన్నుకునేవారు, గద్దెనెక్కే ముందు ప్రభువర్గం షరతులకు ఆయన సంతకం పెట్టాలి. నిరంకుశ రాజైన అయిదో క్రిస్టియన్ కిరీటం పైన మూసి ఉంటుంది. ఈ రెండింటి మధ్యలో 1660 ఉంది. యుద్ధంతో ఖజానా ఖాళీ. పన్ను కట్టడానికి ప్రభువులు మొరాయించారు. విసిగిపోయిన వర్తకులు, మతగురువులు రాజు పక్షాన చేరారు. ప్రభువులు బయటికి పోకుండా కోపెన్‌హాగెన్ నగర ద్వారాలు మూసేశారు. ప్రభువులు దిగొచ్చి వంశపారంపర్య రాజరికానికి ఒప్పుకున్నారు, పాత షరతుల పత్రం రద్దయింది.

మిగతా దేశాల రాజులు చేతల్లో చూపించిన పెత్తనాన్ని డెన్మార్క్ రాజులు 1665లో ఏకంగా చట్టంగా రాసుకున్నారు. మనుషులు చేసిన ఏ చట్టానికీ రాజు లోబడడు, దేవుడికే జవాబుదారీ. అచ్చు వేసింది మాత్రం 1709లో! 1671లో అయిదో క్రిస్టియన్ కిరీటం తనే పెట్టుకుని అభిషేకానికి వెళ్లాడు. పెట్టడానికి ఇంకెవరికి అర్హత ఉంది మరి?

ఆ చట్టం రాసిన పీటర్ షూమాకర్ ఒక ద్రాక్షసారా వ్యాపారి కొడుకు. రాజుగారి గుమాస్తాగా మొదలై గ్రిఫెన్‌ఫెల్డ్ ప్రభువై, ప్రధానమంత్రి లాంటి ఛాన్సలర్ పదవి దాకా ఎదిగాడు. 1676లో అయిదో క్రిస్టియన్ ఆయనకు రాజద్రోహం కింద మరణశిక్ష వేయించాడు. వధ్యస్థలం మీదికి ఎక్కాక క్షమాభిక్ష వచ్చింది. చావు తప్పింది కానీ, ఇరవై రెండేళ్లు జైలు.

"భస్మాసురుడి కథ," అన్నాడు తమ్ముడు.

"అక్కడ శివుణ్ని కాపాడడానికి విష్ణువు అడ్డుపడ్డాడు. ఈయన రాజుకు ఎవరూ అడ్డుపడకుండా తనే చట్టం రాశాడుగా," అన్నాను.

ఆయన్ను మొదట ఉంచిన కాస్టెలెట్ కోటకు నడిచే వెళ్లాం. గాలి గొడుగును తిరగేసేసింది. నక్షత్రం ఆకారంలో మట్టికట్టలు, ఒక గాలిమర, సైనికుల ఎర్ర బ్యారక్‌లు. 1849 రాజ్యాంగంతో ఆ నిరంకుశ పాలన ముగిసింది. మూసిన కిరీటాన్ని ఇప్పుడు రాజు తలపై ఎవరూ పెట్టరు, రాజు చనిపోతే శవపేటిక మీద పెడతారు.

దగ్గర్లోని జలకన్య బొమ్మ దగ్గర జనం తోసుకుంటున్నారు. కట్టమీద మాత్రం జాగింగ్ చేసేవాళ్లు, మేమిద్దరం, పాడైపోయిన గొడుగు.