పక్క కుర్చీ

2003 ఆగస్టులో నేను అమెరికాలోని లారెన్స్‌లో దిగేనాటికి బాస్కెట్‌బాల్ గురించి నాకు తెలిసింది చాలా తక్కువ. మా ఊరి హైస్కూలు మైదానంలో వలలేని రెండు రింగులు ఉండేవి, వాటి కింద మేము క్రికెట్ ఆడుకునేవాళ్లం. కాన్సస్ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్.లో చేరి, లర్నెడ్ హాలులో వారానికి 20 గంటల గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ పని సంపాదించుకున్న నాకు, అక్కడికి నడక దూరంలో నేస్మిత్ డ్రైవ్ మీద ఉన్న ఆలెన్ ఫీల్డ్‌హౌస్ అనే బాస్కెట్‌బాల్ భవనం ఆ ఊరికి గుడితో సమానమని అర్థం కావడానికి ఒక్క చలికాలం చాలింది. 1891లో ఈ ఆటను కనిపెట్టిన జేమ్స్ నేస్మిత్ 1898లో ఈ విశ్వవిద్యాలయానికే వచ్చి ఇక్కడి జట్టుకు తొలి కోచ్ అయ్యారు. 1955లో ప్రారంభమై, అప్పట్లో 16,300 మంది పట్టిన ఆ భవనంలో అందరూ ఒక్క గొంతుతో 'రాక్ చాక్' అనే విశ్వవిద్యాలయ నినాదాన్ని దీర్ఘం తీస్తూ పలికే క్షణాన ఒళ్లు గగుర్పొడవని వారు మన తెలుగు విద్యార్థుల్లో ఎవరూ లేరు.

ఈ సంచిక కోసం ఆటగాళ్ల గురించి రాసే మిత్రులు చాలామంది ఉంటారు. నేను మాత్రం హెడ్ కోచ్ పక్క కుర్చీలో కూర్చున్న మనిషి గురించి రాయదలచుకున్నాను. ఆయన పేరు నార్మ్ రాబర్ట్స్. ఆయనతో నాకు పరిచయం లేదు, పై వరుసల నుంచి చూడటమే తప్ప ఒక్కసారీ మాట్లాడలేదు.

ఆయన మీదికి నా దృష్టి మళ్లడానికి కారణం బిల్ సెల్ఫ్. నేను చేరిన సంవత్సరమే ఆయన కాన్సస్‌కు హెడ్ కోచ్‌గా వచ్చారు. ఒక వేసవిలో, ఓక్లహోమా స్టేట్‌లో ఇంకా ఆటగాడిగా ఉండగానే, ఆయన కాన్సస్ కోచ్ ల్యారీ బ్రౌన్ నడిపే శిక్షణ శిబిరంలో పనిచేస్తూ మోకాలికి దెబ్బ తగిలించుకున్నారట. నీకేమైనా సాయం చేయగలనా అని బ్రౌన్ అడిగితే, చదువు అయ్యాక నన్ను గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా తీసుకోండని కోరి, 1985–86లో ఆ పని చేశారట. ఇది చదివిన రోజున నాకు కలిగిన ఆనందం మన సంచిక పాఠకులకు విడమరిచి చెప్పనవసరం లేదు. 'అసిస్టెంట్‌షిప్ వచ్చిందా?' అన్నదే ఆ రోజుల్లో మనలో మనకు తొలి పలకరింపు. ఫీజు మాఫీ, అద్దెకు సరిపడే జీతం, పైవాళ్లు అప్పగించే చాకిరీ అన్నీ కలిసిన ఆ మెట్టు మీదే మా హెడ్ కోచ్ కూడా ఒకనాడు నిలబడ్డారన్న సంగతి, ఎదురుగా ఉన్న ఆ భవనాన్ని నాకు దగ్గర చేసింది.

అయితే ఆ మెట్టెక్కిన ప్రతివారూ హెడ్ కోచ్ కుర్చీలో స్థిరపడరు. రాబర్ట్స్ న్యూయార్క్ నగరంలోని క్వీన్స్ ప్రాంతం వారు. అక్కడి క్వీన్స్ కళాశాలకు ఆడి, అక్కడే అసిస్టెంట్‌గా పనిచేసి, 1991 నుంచి 1995 వరకు హెడ్ కోచ్‌గా ఉన్నారు. రెండో శ్రేణిలో ఆడే ఆ చిన్న జట్టుకు గెలుపుల కంటే ఓటములే ఎక్కువ. 1995లో ఆయన ఆ హోదాను విడిచి, ఓక్లహోమాలోని ఓరల్ రాబర్ట్స్ విశ్వవిద్యాలయంలో సెల్ఫ్ దగ్గర అసిస్టెంట్‌గా చేరారు. అంతకు రెండేళ్ల ముందే అక్కడ పగ్గాలు చేపట్టిన సెల్ఫ్ తన మొదటి సీజన్‌లో 6 మ్యాచ్‌లు గెలిచి 21 ఓడారు. పేరుకు కింది హోదా అయినా, ఎదుగుతున్న మనిషి పక్కన నిలబడాలన్న ఆ నిర్ణయం నాకు ఇప్పటికీ ఎంతో గొప్పగా తోస్తుంది. అక్కడి నుంచి 1997లో టల్సాకు, 2000లో ఇల్లినాయికి, 2003లో కాన్సస్‌కు ఇద్దరూ కలిసే ప్రయాణం చేశారు.

అసిస్టెంట్ కోచ్ అంటే ఏం చేస్తారో అప్పట్లో నాకు తెలియదు. జట్టు పరికరాలు, వీడియోలు చూసుకునే విద్యార్థి మేనేజర్లలో ఒకతను మా తరగతిలో ఉండటం వల్ల తెలిసింది. రాబోయే ప్రత్యర్థుల్లో ఒక్కొక్కరినీ ఒక్కొక్క అసిస్టెంట్‌కు పంచి ఇస్తారు. తనకు వచ్చిన ప్రత్యర్థి పాత మ్యాచ్‌ల వీడియోలన్నీ చూసి, ఎవరు ఏ చేతి వైపు మళ్లుతారో, చివరి నిమిషంలో బంతి ఎవరికి అందిస్తారో నివేదిక తయారు చేసి, దాన్ని మన ఆటగాళ్లకు సాధన చేయించే బాధ్యత ఆ అసిస్టెంట్‌దే. అది అయ్యాక, దేశమంతా తిరిగి హైస్కూలు పిల్లల ఆట చూడాలి, వాళ్ల తల్లిదండ్రులతో మాట్లాడి నమ్మకం కలిగించాలి, ఏళ్ల తరబడి వెంటపడ్డ పిల్లవాడు చివరికి వేరే విశ్వవిద్యాలయానికి వెళ్లిపోతే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

అప్పటి నిబంధనల ప్రకారం హెడ్ కోచ్ కాక ముగ్గురికి మాత్రమే ఆట నేర్పే అర్హత ఉండేది. డానీ మానింగ్ సంగతి ఇక్కడ చెప్పి తీరాలి. 1988లో కాన్సస్‌కు జాతీయ టైటిల్ గెలిపించి, 2,951 పాయింట్లతో విశ్వవిద్యాలయ రికార్డు నెలకొల్పి, ఆ ఏడాది వృత్తి ఆటగాళ్ల లీగ్ ఎన్‌బీఏ కొత్తవారిని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి స్థానంలో ఎంపికైన ఆ మహా ఆటగాడు 2003లో ఇదే జట్టు సిబ్బందిలో ఏర్పాట్లు చూసే ఉద్యోగంలో చేరారు. ఆ ఉద్యోగంలో ఉన్నంతకాలం మైదానంలో పిల్లలకు శిక్షణ ఇవ్వడానికి అప్పటి నియమం ఒప్పుకునేది కాదు. 2007లో ఒక ఖాళీ వస్తే గానీ ఆయన అసిస్టెంట్ కోచ్ కాలేదు. అంతటి వ్యక్తి నాలుగేళ్లు వేచి ఉన్న వరుస అది.

2004 ఏప్రిల్‌లో రాబర్ట్స్ సెయింట్ జాన్స్ విశ్వవిద్యాలయానికి హెడ్ కోచ్‌గా వెళ్లారు. సొంత క్వీన్స్‌కే పిలుపు వచ్చింది, కానీ చేతికి వచ్చింది చితికిపోయిన జట్టు. అంతకుముందు సీజన్ మధ్యలోనే కోచ్‌ను తొలగించారు, క్రమశిక్షణ చర్యల వల్ల ఆటగాళ్లూ దూరమయ్యారు. ఆరు సీజన్లలో 81 గెలిచి 101 ఓడిన ఆయనను 2010లో తప్పించారు. ఆ మరుసటి ఏడాది, ఎక్కువగా ఆయన చేర్చుకున్న ఆటగాళ్లతోనే, కొత్త కోచ్ ఆధ్వర్యంలో సెయింట్ జాన్స్ 2002 తరువాత తొలిసారి, కళాశాల క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ జాతీయ టోర్నమెంటుకు చేరింది. నాటినవారు ఒకరు, కోసినవారు మరొకరు. ఆ వార్త చదివిన రోజు నాకు బాధ కలిగింది.

ఆయన 2011–12లో ఫ్లోరిడాలో అసిస్టెంట్‌గా పనిచేసి, 2012లో మానింగ్ టల్సాకు హెడ్ కోచ్‌గా వెళ్లగా ఖాళీ అయిన స్థానంలోకి, తిరిగి సెల్ఫ్ పక్కకే వచ్చారు. పొడగరి ఆటగాళ్లను తీర్చిదిద్దడం ఆయన వంతు అయింది. 2022 ఏప్రిల్ 4న న్యూ ఆర్లీన్స్‌లో నార్త్ కరోలినాపై 16 పాయింట్లు వెనకబడి కూడా 72–69తో టైటిల్ గెలిచిన రాత్రి, చివరి రెండు బుట్టలూ వేసింది డేవిడ్ మెకార్మాక్ అనే పొడగరే.

ఆ ఏడాది నవంబరులో, ఎన్‌సీఏఏ విచారణ నేపథ్యంలో విశ్వవిద్యాలయం సెల్ఫ్‌ను మొదటి నాలుగు మ్యాచ్‌లకు దూరంగా ఉంచడంతో రాబర్ట్స్ హెడ్ కోచ్ కుర్చీలో కూర్చుని నాలుగూ గెలిచారు, వాటిలో డ్యూక్‌పై గెలుపు ఒకటి. 2023 మార్చిలో సెల్ఫ్‌కు గుండె చికిత్స జరిగితే మళ్లీ ఆయనే జట్టును నడిపించారు. మార్చి 18న డె మొయిన్‌లో ఆర్కన్సాతో ఆడిన ఆటను నేను డాలస్‌లో మా ఇంట్లో చూశాను. 72–71తో ఓడిపోయాం. ఒక్క పాయింటు. కెమెరా కాసేపు ఆయన ముఖం మీద నిలిచింది, ఆయన అవతలి జట్టు వారితో చేతులు కలుపుతూ నడిచిపోయారు.

ఆ ఏడాది డిసెంబరులో మా అమ్మాయిని లారెన్స్ తీసుకువెళ్లాను. మేము కూర్చున్నది పాతికేళ్ల వయసులో నేను కూర్చున్న వైపే, పై వరుసల్లోనే. సెల్ఫ్ తన స్థానంలోకి తిరిగి వచ్చారు. రాబర్ట్స్ ఒక కుర్చీ పక్కకు జరిగి కూర్చుని, ఆట ఆగినప్పుడల్లా ముందుకు వంగి, బెంచి చివర ఉన్న పొడగరి కుర్రవాడికి చేతులతో ఏదో చూపిస్తున్నారు. ఆయన ఎవరని మా అమ్మాయి అడిగింది. మ్యాచ్ అయ్యేదాకా చెబుతూనే ఉన్నాను.