నాలుగుతో హెచ్చవేస్తే

ఈ రోజు చెప్పుకోదగ్గ పనేమీ జరగలేదు, టికెట్ల కోసం కంప్యూటర్ ముందు రెండు గంటలు కూర్చోవడం తప్ప. అక్కను చూడడానికి నలుగురం వెళ్లి రావాలి. దూరం ఐదు వందల కిలోమీటర్లకు కాస్త పైన. రైలుకు నాలుగు గంటలు, విమానానికి గంట.

ఆ గంట మాట నేను నమ్మను. పాత కరెంటు బిల్లు వెనక లెక్క రాశాను. విమానాశ్రయం చేరడానికి గంట, అక్కడ కాచుకోవడానికి గంటన్నర, గాలిలో గంట, సామాను వచ్చేదాకా అరగంట, ఊళ్లోకి మరో గంట. రైలు ప్రయాణానికి స్టేషన్ల రాకపోకలు కలిపితే అదీ ఐదు గంటలే అయింది. పైగా రైల్లో ఆ నాలుగు గంటలూ నావే. పుస్తకం చదువుకోవచ్చు, నిద్రపోవచ్చు. విమానం దారిలో సమయమంతా ముక్కలు ముక్కలు: బెల్టు తీయి, సీసాలో నీళ్లు పారబోయి, వరుసలో నిలబడు.

అప్పుడు ధర చూశాను. రైలు టికెట్టే ఎక్కువ. ఒక్కరికైతే ఆ తేడా భరించేదే. నాలుగుతో హెచ్చవేశాక బిల్లు కాగితం మడిచి పక్కన పెట్టాను.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఈ సంగతి ఎత్తితే, పక్క సీటు మిత్రుడు తేల్చేశాడు: ‘‘దగ్గరి ఊళ్లకు విమానాలు నిషేధిస్తే పోలా!’’ ఫ్రాన్స్ ఆ పని చేసింది. రెండున్నర గంటల్లోపు రైల్లో చేరగలిగిన చోట్లకు విమానాలు వద్దన్న నిబంధన 2023లో అమల్లోకి వచ్చింది. తీరా చూస్తే ఆగినవి పారిస్‌లోని ఓర్లీ విమానాశ్రయం నుంచి బోర్డో, నాంత్, లియోన్‌లకు వెళ్లే మూడు మార్గాలే. మరో విమానం అందుకోవడానికి వెళ్లేవాళ్లకు ఆ నిషేధమూ వర్తించదు. నిషేధం వార్తకు పెద్దది, పనికి చిన్నది.

నాకు స్పెయిన్ దారే నచ్చుతుంది. మాడ్రిడ్, బార్సిలోనాల మధ్య 620 కిలోమీటర్లు. 2008లో వేగపు రైలు మార్గం పూర్తయి ప్రయాణం రెండున్నర గంటలకు దిగింది. అయినా టికెట్టు ఖరీదుగానే ఉండేది. 2021లో రెండో సంస్థ, 2022లో మూడోది అవే పట్టాల మీదికి రైళ్లు తెచ్చాక ధరలు దిగాయి, రైలెక్కేవాళ్లు పెరిగారు. ఎవరినీ ఏదీ మానమని అనలేదు.

జర్మనీ 2022 వేసవిలో నెలకు 9 యూరోల టికెట్టు పెట్టింది. మూడు నెలలు జనం విరగబడ్డారు. అయితే అది స్థానిక, ప్రాంతీయ రైళ్లకే, దూరాలకు వెళ్లే వేగపు రైళ్లు ఎక్కనివ్వలేదు. విమానానికి పోటీ రావాల్సిన రైలుకే తగ్గింపు లేదన్నమాట!

అసలు తూకంలోనే తేడా ఉంది. విమానం ట్యాంకులో తెచ్చుకున్న ఇంధనం మీద దిగిన దేశం సుంకం వేయరాదని 1944 నాటి షికాగో ఒప్పందం. అంతర్జాతీయ విమానాల ఇంధనం నేటికీ చాలావరకు పన్ను లేకుండానే నిండుతోంది. ఐరోపాలో రైలు మాత్రం ప్రతి కిలోమీటరుకూ పట్టాల అద్దె కట్టుకుంటూ నడుస్తుంది. ఎగిరి ఎత్తు అందుకోవడానికే విమానం ఎక్కువ ఇంధనం తాగుతుంది కాబట్టి, దూరం తగ్గినకొద్దీ కిలోమీటరుకు ఆ దుబారా పెరుగుతుంది. ఆ దుబారాకే చౌక టికెట్టు.

రాత్రి మళ్లీ కూర్చున్నాను. వెళ్లేటప్పటికి రైలే తీసుకున్నాను, కిటికీ పక్కన రెండు సీట్లు దొరికాయి. వచ్చేటప్పటికి అవే నాలుగు సీట్ల ధర ఉదయం కన్నా పెరిగి ఉంది. కాసేపు చూసి, విమానం టికెట్లకు డబ్బు కట్టేశాను.

అక్క ఫోన్ చేసింది. ‘‘రైల్లోనేనా? మంచి పని చేశావు, స్టేషనుకు వస్తాను. మరి తిరుగు ప్రయాణం?’’

‘‘ఇంకా చూడలేదక్కా’’ అన్నాను.